చెవి పరీక్ష, కేజీహెచ్

గాజు తలుపున్న గదిలో కూర్చోబెట్టారు.
గోడలకి గొంగళ్లు తొడిగినట్టుంది ఆ గది.
నా చెవులకి తొడుగులు పెట్టి టెక్నీషియనమ్మ చెప్పింది:
"చప్పుడు వినపడగానే బటన్ నొక్కు బాబూ,
ఎంత సన్నగా వినపడినా సరే."

ఇరవై రెండేళ్లలో
ఇంత నిశ్శబ్దంలో నేను కూర్చోలేదు.
కూర్చున్నాక తెలిసింది, నాకసలు నిశ్శబ్దమే లేదని.
లోపల కీచురాయి ఒకటి
పగలూ రాత్రీ రంపానికి పదును పెడుతోంది.
అది గదిలోదో నాలోదో తేలక
ముందు రెండుసార్లు ఊరికే నొక్కాను.

కాపులుప్పాడ నుంచి భీమిలి దాకా
ఇసక నేలల్లో సరుగుడు తోటలు నేను కోసినవే.
నాలుగేళ్ల చెట్టు, తొడంత లావు,
మిషను ఆనిస్తే ఆరు అంకెలు లెక్కపెట్టేలోపు నేల మీదుండేది.
పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపిన చేత్తోనే చద్దన్నం తిన్నాను.
ఆ పెద్ద తుఫాను పోయిన మర్నాడు
బీచ్ రోడ్డుకి అడ్డం పడ్డ చెట్లని
మూడు రోజులు, రాత్రనక కోశాం.
జనం ఆగి మాకు దణ్ణాలు పెట్టారు.
ఏదో అన్నారు కూడా.
ఏమన్నారో ఇప్పటికీ తెలీదు, మిషను ఆపలేదు.

మేస్త్రీ వీరునాయుడు మంచోడే.
నలుగురికి ఒక జత చెవి తొడుగులు తెచ్చిచ్చాడు.
వంతులేసుకున్నాం. చెమటకి స్పాంజి కుళ్లింది.
అసలు సంగతి అది కాదు.
పడేముందు చెట్టు ఒక మాట చెప్తాది,
మొదట్లో చిన్న విరుపు, వేలు విరిచినట్టు.
అది విన్నోడు పక్కకి దూకుతాడు.
తొడుగు పెట్టుకున్న రోజు దేముడికి వినపడలేదు.
ఇప్పుడు ఆరిలోవలో టీ కొట్టు,
గల్లాపెట్టె పక్కన చంకకర్ర.
ఆ తర్వాత మేమెవరం పెట్టుకోలేదు.
కాళ్లు ఉంచుకుని చెవులిచ్చేశాం.
బేరం బాగుందనే అనుకున్నాం.

రెండో పరీక్ష మాటలది.
"నేనన్నది తిరిగి అను."
ఆవిడ మూతికి మాస్కు. పెదాలు చూసి దొంగతనంగా వినడానికి లేదు.
"చేప" అందంట.
"ఏప" అన్నాను.
"శంఖం."
"అంకం."
"సరుగుడు" అందంట.
"అరుగుడు" అన్నాను, గట్టిగా,
ఇది మాత్రం తప్పే కాదన్న ధీమాతో.
రాస్తున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది.

కాగితం తిప్పి చూపించింది.
గీత చదునుగా నడిచి నడిచి
నాలుగు వేల అంకె దగ్గర గుంటలో పడింది,
మా ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన గండిలాగ.
"స, శ, చ... సన్నటి అక్షరాలుండే చోటు ఇది.
ముందు ఇవే పోతాయి. అచ్చులు చివరిదాకా ఉంటాయిలే."
ఓదార్పుకే అంది.
మూడో తరగతిలో పలక మీద
చెయ్యి పట్టుకుని దిద్దించిన స,
దాన్ని ఎవరి కాంట్రాక్టులో కోసేశానో.

భీమిలి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది.
గాలొస్తే సరుగుడు తోట పలికేది ఆ ఒక్క అక్షరమే,
స్‌స్‌స్‌ అని, పొడుగ్గా,
సముద్రం పక్కన ఇంకో సముద్రంలాగ.
విని ఎన్నేళ్లయిందో.
చెట్లు కొట్టేశాం కదా, అందుకే లేదు అనుకున్నాను.

మంగమారిపేటలో దిగిపోయాను.
ఒక తోట మిగిలే ఉంది అక్కడ.
కొసలన్నీ ఒకేవైపు వంగి లేస్తున్నాయి,
టీవీలో సౌండ్ తీసేసినట్టు.
వలలు బాగుచేసుకుంటున్న గుంటడిని అడిగాను:
"చెట్లు చప్పుడు చేస్తన్నాయేట్రా?"
వాడు నవ్వి ఏదో అన్నాడు.
మూడు అచ్చులు నా దాకా వచ్చాయి.

రేపు తెల్లారి ఐదింటికి ఈ తోటకే రావాలి, కోతకి.
చెట్టు పడేముందు చెప్పే విరుపు కూడా
ఆ గుంటలోనే పడిపోయిందా అని
ఆ అమ్మని అడగడం మర్చిపోయాను.